కొబ్బరి నూనె సలహా మన ఊరికి పనికిరాదు
పాత తోలు హ్యాండ్‌బ్యాగుకు కొబ్బరి నూనె రాస్తే కొత్త మెరుపు వస్తుందని ఒక వ్యాసంలో రాశారు. ఆ మెరుపు నాలుగు రోజుల ముచ్చటే. నూనె ఇంకిన చోట తోలు నల్లబడుతుంది, ఆ మరక ఇక వదలదు. బట్టల సబ్బు, వంటసోడా కూడా వద్దు: తోలుది ఆమ్లగుణం, అవి క్షారాలు.

విజయవాడలో అసలు శత్రువు మురికి కాదు, వానాకాలపు బూజు. దాన్ని గదిలో దులిపితే బీరువాలోని మిగతా బ్యాగులకూ పాకుతుంది. ఆరుబయట పొడి బ్రష్‌తో దులిపి, నీడలోనే గాలికి ఆరనివ్వాలి. మన మే నెల ఎండ సంగతి తెలిసిందే కదా, తోలు బిగుసుకుని పగులుతుంది. తరువాత తోలు కోసమే అమ్మే క్రీమును ముందుగా అడుగుభాగాన కొద్దిగా రాసి చూడండి. దాచడానికి ప్లాస్టిక్ కవరు కన్నా పాత నూలు దిండు గలీబు నయం. తెగిన కుట్లు మాత్రం చెప్పులు కుట్టేవారికే అప్పగించండి.