నా ఫిర్యాదును వెనక్కి తీసుకుంటున్నాను

మా గేటు పక్కనున్న మూత లేని మ్యాన్‌హోల్ గురించి ఏడాదిగా నేను పెట్టుకున్న మూడు అర్జీలనూ ఇందుమూలంగా బేషరతుగా వెనక్కి తీసుకుంటున్నాను. నన్నెవరూ బెదిరించలేదు. కంటి పరీక్ష చేయించుకున్నాను, అంతే.

మూడో అర్జీకి వచ్చిన జవాబు ఇంకా నా దగ్గర ఉంది. "స్థల పరిశీలన జరిపితిమి. సదరు ప్రదేశము చుట్టుపక్కల రోడ్డు మాదిరిగానే కనిపించినది." చదివి మొదట నవ్వాను, తర్వాత తిట్టాను. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. శరీరశాస్త్రం చదువుకున్నవారు కూడా ఇంత కచ్చితంగా రాయలేరు.

ఎందుకంటే మన ప్రతి కంట్లోనూ ఒక గుంత ఉంది. తెలుగు మాధ్యమంలో చదివినవారు దాన్ని అంధచుక్క అని బట్టీ పట్టే ఉంటారు. కంటి లోపల వెనకవైపు ఉండే పొర రెటీనా. అందులో వెలుతురును పట్టే కణాలు కోట్ల సంఖ్యలో ఉన్నాయి. వాటి కబుర్లను మోసుకుపోయే నాడీ తంతువులు పది లక్షలకు పైనే. అవి వెనక నుంచి వెళ్లవు. రెటీనా ముందువైపే పరుచుకుని, ఒకచోట కట్టగా చేరి, దాన్ని తొలుచుకుని బయటికి పోతాయి. ఆ ద్వారం దగ్గర వెలుతురును పట్టే కణం ఒక్కటీ ఉండదు. అంటే మెదడుకు నివేదికలు బయల్దేరే చోటే చూపు లేదు. వర్షం పడితే చాలు, నీళ్లు నిలిచిన వీధులపై నివేదికలు పంపే కార్యాలయం గేటు ముందే మోకాలి లోతు నీళ్లు ఎందుకుంటాయన్న నా పాత సందేహం దీనితో తీరిపోయింది. దీపం కింద చీకటి అన్నవారెవరో కానీ, కన్ను కోసి చూసినట్టే అన్నారు.

ఆక్టోపస్‌కు తంతువులు కణాల వెనక నుంచి పోతాయి కాబట్టి అంధచుక్క లేదు. పాపం, ఎనిమిది చేతులుండీ ఏ శాఖలోనూ పనికిరాదు.

అంధచుక్కను కనిపెట్టినవాడు ఎడ్మ్ మారియట్ అనే ఫ్రెంచి పండితుడు, 1660లలో. గోడకు ఒక తెల్ల కాగితం బిళ్ల అంటించి, దానికి కుడివైపున రెండడుగుల దూరంలో, కాస్త కిందుగా ఇంకొకటి అంటించాడు. ఎడమ కన్ను మూసుకుని, చూపు మొదటి బిళ్ల మీదే నిలిపి వెనక్కి నడిచాడు. తొమ్మిది పది అడుగులు నడిచేసరికి రెండో బిళ్ల మాయం. ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ ఈ కిటుకు పట్టుకుని, కొలువులో కూర్చునే తనకు గిట్టనివారి తలలు ఎగరగొట్టి ముచ్చటపడేవాడని ఒక కథ చెబుతారు. ఆయన తండ్రి తల 1649లో నిజంగానే ఎగిరింది. దానితో పోలిస్తే కొడుకు పద్ధతి ఎంతో నాగరికం, ఖర్చూ లేదు.

నేనూ ప్రయత్నించాను. అబిడ్స్‌లో ఒక ఇరానీ హోటల్ పాలరాతి బల్ల మీద ఒక ఉప్పురవ్వ పెట్టుకుని, దానికి కుడివైపున బెత్తెడున్నర దూరంలో రూపాయి బిళ్ల పెట్టాను. ఎడమ కన్ను మూసి, మూరెడు ఎత్తు నుంచి ఉప్పురవ్వనే చూస్తూ తలను కాస్త ముందుకూ వెనక్కూ జరిపాను. రూపాయి పోయింది. పోయిన చోట నల్లటి చిల్లేమీ కనిపించలేదు. శుభ్రమైన పాలరాయి కనిపించింది, దాని చారలతో సహా! చుట్టూ ఏది ఉంటే దాన్నే మెదడు తెచ్చి గుంతలో పరిచేస్తుంది. టెండరు లేదు, బిల్లు లేదు, వానకు కొట్టుకుపోదు. హైదరాబాదులో నేను చూసిన గుంత పూడ్పుల్లో ఇదే ఉత్తమమైనది.

దాని సామర్థ్యాన్ని తక్కువగా అంచనా వేయకండి. అంధచుక్క వెడల్పు సుమారు 5.5 డిగ్రీలు, ఎత్తు 7.5 డిగ్రీలు. నిండు చందమామ అర డిగ్రీ మాత్రమే. అంటే పది చందమామలను వరసగా మింగగలదు. అడ్డుగా మేడలు లేకపోతే, అర కిలోమీటరు దూరం నుంచి 1591 నాటి చార్మినార్‌ను నాలుగు మినార్లతో సహా మాయం చేయగలదు. మూత లేని మ్యాన్‌హోల్ ఏపాటి?

అయినా నా మనసు పూర్తిగా మారింది ఆసుపత్రిలోనే. నీటికాసుల (గ్లాకోమా) అనుమానంతో డాక్టరుగారు దృష్టి పరిధి పరీక్ష రాశారు. ఒక కంటికి గంత కట్టి, గడ్డం ఒక గిన్నెలాంటి యంత్రంలో పెట్టించి, చేతికి మీట ఇచ్చారు. "నడుమ ఉన్న పసుపు దీపాన్నే చూడండి సార్. పక్కన ఎక్కడైనా చుక్క మెరిస్తే నొక్కండి" అంది అక్కడి అమ్మాయి. నేను పరీక్షలంటే మార్కులకోసం తపించే తరంవాడిని. కళ్లు నాలుగు దిక్కులా తిప్పి, కనిపించిన ప్రతి చుక్కకూ నొక్కాను. ఆమె కాగితం చూసి పెదవి విరిచింది.

"చూపు నిలపలేదు సార్. అంధచుక్క ఉండే చోట కూడా మిషను కావాలనే చుక్క వేస్తుంది. కన్ను కదలకపోతే అది కనిపించదు. మీరు అక్కడా నొక్కారు."

"కనిపిస్తే నొక్కమన్నారు కదమ్మా?"

"అక్కడ కనిపించకూడదు సార్."

ఒక్క మాటతో పరిపాలన అంతా బోధపడింది. చూడవలసిన దీపం మీద చూపు నిలిపినవాడికి కొన్ని కనిపించకూడదు. కనిపించాయంటే వాడు దిక్కులు చూస్తున్నాడన్నమాట. అధికారుల కార్ల మీది ఎర్రదీపాలు 2017లోనే తీసేశారు కానీ, కిందివారు చూపు నిలపవలసిన దిక్కు మాత్రం మారలేదు. మా వీధికి వచ్చి, మ్యాన్‌హోల్ పక్కనే నిలబడి, అది కనిపించలేదని రాసిన మనిషి ఎంత నిష్ఠాపరుడో! ఆ పరీక్షలో ఆయనకు నూటికి నూరు. నాకు మళ్లీ రమ్మని చీటీ.

ఇన్నేళ్లూ ఇది మనకెందుకు తెలియలేదంటారా? కుడికంటి గుంత కుడివైపు, ఎడమకంటి గుంత ఎడమవైపు ఉంటాయి. ఒకదానికి కనిపించనిది రెండోదానికి కనిపిస్తుంది. ఒకదాని లోపాన్ని రెండోది చడీచప్పుడు లేకుండా కప్పిపుచ్చుతుంది.

మొన్న ఆదివారం ఆ అధికారి స్కూటరు మీద మా ఇంటికే వచ్చారు. నాలుగో అర్జీ ఏమైనా ఉందేమో కనుక్కుందామని కాబోలు. క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన పెద్దమనసుతో తలూపి, మా గేటు ముందున్న ర్యాంపు వైపు ఓ క్షణం చూశారు. అది నాలుగడుగులు రోడ్డు మీదికి వచ్చిందని ఎదురింటివారు అంటూ ఉంటారు. నాకైతే ఎప్పుడూ చుట్టుపక్కల రోడ్డు మాదిరిగానే కనిపించింది. ఆయన జేబులోని టేపు బయటికి తీయలేదు. నేను మ్యాన్‌హోల్ వైపు తల తిప్పలేదు.

మా ఆవిడ టీ తెచ్చిచ్చి, "బండి తీసేటప్పుడు జాగ్రత్త సార్, పక్కనే గుంత ఉంది" అంది.

"ఏ గుంతమ్మా?" అన్నారాయన, టీ సాసర్‌లో పోసుకుంటూ.