ఐదు వందల వాట్లని రాసుంది కదా!

మా అక్క కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడికి గ్రాఫిక్స్ కార్డు, అంటే కంప్యూటర్‌లో బొమ్మల పని చూసే కార్డు, కావాలి. ఎందుకురా అంటే ‘ప్రాజెక్టుకు మామా’ అంటాడు. తుపాకీ పట్టుకొని మేడల మీద నుంచి దూకే ప్రాజెక్టు ఏ సెమిస్టర్‌లో ఇస్తారో నాకు తెలీదు గానీ, బెంగళూరులో వాడి సీనియర్ ఒకడు తన ఆర్‌టీఎక్స్ 3060 కార్డును అగ్గువకు అమ్మేస్తున్నాడని తెలిసినప్పటి నుంచి మావాడు అన్నం సరిగా తినలేదు. ఆఖరికి అక్క కరిగింది, కార్డు పాత దుప్పటిలో చుట్టుకొని రాత్రి బస్సులో కడపలో దిగింది.

వాళ్ల కంప్యూటర్ టౌన్‌లో ఒక షాపులో అసెంబుల్ చేయించింది. క్యాబినెట్ కొంటే ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా, దాంతోనే వచ్చింది. అంటే దాన్ని ఎవరూ ఎంచుకోలేదు, ఎవరూ చూడలేదు, మూడేళ్లుగా బల్ల కింద తన పని తాను చేసుకుంటూ పడి ఉంది. దాని మీద ఎర్రటి స్టిక్కరు, స్టిక్కరు మీద ఇంత లావు అక్షరాల్లో 500 వాట్లు. కార్డుకేమో కనీసం 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని కంపెనీవాళ్లే రాశారు. ‘యాభయ్యే కదా మామా తక్కువ, సర్దుకుంటాది’ అన్నాడు మావాడు. సర్దుకోడానికి అదేమన్నా ప్రొద్దుటూరు బస్సులో సీటా!

కార్డు బిగించి ఆన్ చేస్తే స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఒక విన్నపం కనబడింది: దయచేసి ఆపేసి కార్డుకు పవర్ కేబుల్ పెట్టండి అని. కార్డు నెత్తిన ఎనిమిది పిన్నుల సాకెట్ ఉంది, ఎస్‌ఎంపీఎస్‌లో దానికి సరిపోయే వైరే లేదు. తెలిసినవాడికి అక్కడే విషయం అర్థమైపోవాలి. ఆ సాకెట్ ద్వారా 150 వాట్ల దాకా లాగే కార్డులు వాడతారనుకున్న ఎస్‌ఎంపీఎస్ అయితే ఆ కేబుల్ ఇచ్చే ఉంటారు కదా. కానీ షాపులో అడిగితే ‘దానికి కన్వర్టర్ ఉండాది తమ్ముడూ’ అని రెండు మోలెక్స్ మూతులు (పాతకాలం నాలుగు పిన్నులవి), ఒక ఎనిమిది పిన్నుల మూతి ఉన్న వైరు ముక్క చేతిలో పెట్టారు. వైరు దొరికితే వాట్లు కూడా దొరికినట్టేనని మావాడి లెక్క.

కంప్యూటర్ ఆన్ అయింది. యూట్యూబ్ వస్తోంది, అక్క సీరియల్ కూడా వస్తోంది. గేమ్ పెట్టాడు. సంగీతం మొదలైంది, మేడ కనబడింది, హీరో ఎగిరాడు, గాల్లో ఉండగానే టిక్‌మని మొత్తం ఆరిపోయింది.

‘కరెంటు పాయె’ అంది మా అమ్మ వంటింట్లోంచి. ఎండాకాలం కడపలో ఏది ఆగినా ముందు వచ్చే మాట అదే. కానీ నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. వెనక స్విచ్చి ఆపి, కాసేపాగి మళ్లీ వేస్తే కంప్యూటర్ మామూలుగా లేచింది. గేమ్ పెడితే మళ్లీ టిక్. ఊరికే ఉన్నప్పుడు ఆ కార్డు పట్టుమని ఇరవై వాట్లు కూడా తినదు, గేమ్ మొదలైతేనే 170కి పోతుంది. అందుకే ఆ టిక్కు అంత పద్ధతిగా గేమ్ దగ్గరే వచ్చేది. ఆ సంగతి తెలియని ఇంట్లో ఎవరి సిద్ధాంతం వాళ్లది. వోల్టేజీ సరిగా లేదని మా బావ స్టెబిలైజర్ కొనుక్కొచ్చాడు. దిష్టి అని మా అమ్మ క్యాబినెట్‌కు నిమ్మకాయ, ఎండుమిరపకాయలు కట్టింది, సరిగ్గా గాలి పోయే జాలీకి అడ్డంగా.

అక్క మాత్రం తేల్చేసింది. ‘చదువుకుంటే ఆగదు, ఆటాడితే ఆగిపోతాది. నా కడుపున పుట్టినోడికి లేని బుద్ధి ఆ డబ్బాకు ఉండాది.’ ఇదంతా దేవుని కడప స్వామి దయేనని నమ్మి, రిపేరు చేయించొద్దని ఖరాకండిగా చెప్పింది.

మావాడు నా దగ్గరికొచ్చి ఏడ్చినంత పని చేస్తే, పక్కింటి పెద్దాయన్ను పిలుచుకొచ్చాను. ఆయన ఆర్టీపీపీలో, అంటే ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో, చేసి రిటైరయ్యాడు. వాట్ల గురించి ఎవరన్నా పొరపాటుగా మాట్లాడితే ఆయనకు నిద్ర పట్టదు. క్యాబినెట్ పక్క మూత తీయించి, కళ్లద్దాలు పైకి జరుపుకొని, ఎర్ర స్టిక్కరును వదిలేసి దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న పట్టీ మీద టార్చి వేశాడు. 3.3 వోల్టులు, 5 వోల్టులు, 12 వోల్టులు, ఒక్కోదాని కింద ఆంపియర్లు.

‘పన్నెండు వోల్టుల కింద ఎంత రాసుండాది నాయనా?’

‘పదహారు తాతా.’

‘పన్నెండు పదహార్లు?’

ఇంజనీరింగ్ పిల్లోడు ఫోన్ తీశాడు. పెద్దాయన ఆ ఫోన్ వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. ‘నూట తొంభై రెండు వాట్లు’ అన్నాడు ఆయనే. ‘నీ కార్డుకు నూట డెబ్బై, ప్రాసెసర్‌కు అరవై ఐదు. రెండూ తినేది ఈ పన్నెండు వోల్టుల లైన్లోనే. మిగతా లైన్లలో ఎంతుంటే ఎవురిక్కావాల? ఆ ఐదు నూర్లు స్టిక్కరు మీదుండాయి, డబ్బాలో లేవు.’

కన్వర్టర్ వైరును వేళ్లతో పట్టుకొని చూశాడు. పసుప్పచ్చ వైరు పైతొడుగు మెత్తబడి, పట్టుకుంటే జారుతోంది. ఆరిపోవడమే మంచిదైందన్నాడు. అంత చవక ఎస్‌ఎంపీఎస్‌లో ఓవర్‌లోడ్‌కు ఆగిపోయే బుద్ధయినా ఉండటం అదృష్టమే, లేకుంటే టిక్‌మనే బదులు పొగ వచ్చేది.

ఊరుకోలేక నేనొక సలహా ఇచ్చాను: కార్డు అమ్మేసి జీటీఎక్స్ 1650 కొనుక్కోరా, చాలా మోడళ్లకు విడిగా పవర్ వైరే అక్కర్లేదు, మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే నడుస్తాయి అని. మావాడు నన్ను పగవాణ్ని చూసినట్టు చూశాడు గానీ పెద్దాయన ముఖం వెలిగిపోయింది. ‘పదహారు నూర్ల యాభయ్యా? మా ఆర్టీపీపీ కూడా అంతే అప్పా, 1650 మెగావాట్లు! ఐదు యూనిట్లు రెండు నూర్ల పది, ఒకటి ఆరు నూర్లు...’ ఇక అక్కణ్నుంచి ముద్దనూరు బూడిద, బొగ్గు వ్యాగన్లు, బాయిలర్లు అన్నీ వచ్చాయి. రెండు టీలు అయ్యాయి. గ్రాఫిక్స్ కార్డు ఊసు మళ్లీ ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

చివరికి 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ తెచ్చారు, 80 ప్లస్ బ్రాంజ్ అని, అంటే కరెంటు వృథా తక్కువని తేల్చిన గుర్తు, రాసున్నది. ఈసారి మావాడు షాపులోనే పెట్టె తిప్పి 12 వోల్టుల కింద 54 ఆంపియర్లు చూసి, లెక్క నోటితోనే వేశాడు. పాత డబ్బాకు దీనికి తూకంలోనే తేడా తెలుస్తోంది. అక్కకు మాత్రం ఆ నంబరు చూసి గుండె గుభేల్‌మంది. ‘ఆరు నూర్ల యాభై వాట్లా! మీటరు గిర్రున తిరుగుతాది కదరా!’ 650 అనేది అది ఇవ్వగలిగేదే తప్ప ఎప్పుడూ గుంజేది కాదని, సీరియల్ చూసేటప్పుడు అందులో పదో వంతు అయితే గొప్పని పెద్దాయన చెప్పాక గానీ కుదుటపడలేదు.

హీరో ఇప్పుడు సుఖంగా అవతలి మేడ మీద దిగుతున్నాడు. పాతదాన్ని షాపువాళ్లు తూకానికి తీసుకుంటామన్నారు. అక్క ఒప్పుకోలేదు. గుడ్డతో శుభ్రంగా తుడిచి, కవర్లో చుట్టి అటక మీద పెట్టింది.

‘సెమిస్టర్ పరీచ్చలప్పుడు మళ్లీ దీన్నే బిగించాల’ అంది.