రానివాడు పొగ వదలడు

మెట్టుని మించిన పర్యావరణ పరికరం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. దానికి కరెంటు అక్కర్లేదు, డీజిల్ అక్కర్లేదు, మరమ్మతూ అక్కర్లేదు. ఒకసారి సిమెంటుతో పోసి వదిలేస్తే తరాల తరబడి నోరెత్తకుండా పనిచేస్తుంది. ఈ సంగతి పెద్ద పెద్ద దేశాల శాస్త్రజ్ఞులకి తట్టలేదు గానీ మా పర్లాకిమిడిలో ఒక సభా కమిటీకి తట్టింది.

సభలూ జాతరలూ కచేరీలూ వదిలే పొగకి లెక్కలు కట్టేవాళ్ళు ఏళ్ళ తరబడి ఒకటే మాట చెబుతున్నారు. దీపాలూ జనరేటర్లూ సరే, చాలాచోట్ల పెద్ద వాటా జనం వచ్చిపోయే ప్రయాణాలదే అని. అంటే పొగ తగ్గాలంటే జనం తగ్గాలి. ఎవర్ని తగ్గిస్తాం? అధ్యక్షుల వారిని తగ్గించలేం. శాలువా కప్పేవాళ్ళని, కప్పించుకునేవాళ్ళని తగ్గిస్తే ఇంక సభే ఉండదు. మిగిలింది మెట్లెక్కలేనివాళ్ళు. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో వికలాంగులు 2.68 కోట్లమంది. వాళ్ళందరినీ ఇళ్ళల్లో కూర్చోబెడితే మిగిలే పెట్రోలెంతో మీరే ఊహించుకోండి. రానివాడు పొగ వదలడు. కమిటీ సిద్ధాంతం అంతా ఈ ఒక్క వాక్యమే.

సిద్ధాంతాన్ని ఆచరణలో పెట్టింది ఆగస్టు 29న, వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారి జయంతినాడు. ఆ జయంతి మాకు మిగతా ఊళ్ళకున్నట్టు కాదు. ఆయన పాఠాలు చెప్పింది ఇక్కడ, సవర గిరిజనుల భాష నేర్చుకున్నది ఈ కొండల్లో. 1936లో ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన ఊరు విడిచి వెళ్ళిపోయారు. మేం వెళ్ళలేదు, సభలు పెట్టుకుంటూ ఉండిపోయాం. పండితులకే కాదు, అందరికీ అందే తెలుగు కావాలని జీవితమంతా పోట్లాడిన మనిషి సభని ఈసారి మేడమీది హాల్లో పెట్టారు. మెట్లు 22. ఆహ్వానపత్రిక మీద ఆకుపచ్చ అక్షరాల్లో 'హరిత సభ' అని అచ్చు వేశారు.

మా బావకి చిన్నప్పుడు పోలియో వచ్చింది. బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బండి మీద తిరుగుతాడు. గేటు దగ్గర తాడు కట్టి, కాలుష్య నివారణార్థం వాహనములు నిషేధం అని బోర్డు పెట్టారు. ఆ సాయంత్రం ఆ వీధిలో పొగ రాని వాహనం ఏదైనా ఉందంటే అది బావ బండే. వాలంటీరు కుర్రాడు దాన్నే ఆపాడు.

"బండ్లు లోనికి రానివ్వం మావా."

"ఇది పొగ రాదురా, బేటరీ."

"రూలంటే రూలే కదా మావా."

ఇంతలో ముఖ్య అతిథి గారి కార్లు మూడు వచ్చాయి. తాడు వినయంగా కిందికి వాలింది. ఇదేటని బావ అడిగితే కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు: "అవి వాహనాలు కావు మావా, ప్రోటోకాలు."

మెట్ల దగ్గర ఇంకో పాఠం. సౌండు పెట్టెలు అప్పుడే పైకి వెళ్తున్నాయి. ఒక్కోటీ బీరువా అంత ఉంది. పలకలు వేసి, తాళ్ళు కట్టి, ఆరుగురు కుర్రాళ్ళు పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎక్కిస్తున్నారు. వెనకనుంచి ఒకాయన "జాగర్తరా, ఖరీదైన సామాను" అని అరుస్తున్నాడు. బావ చాలాసేపు చూశాడు. "ఈలందర్నీ ఎవరు పంపేరు?" అన్నాడు. సౌండు సర్వీసువాళ్ళతో ముందే మాట్లాడుకున్నారని చెప్పాను. "అయితే నన్నూ సామాన్ల లిస్టులో రాసీమను. అద్దె నానే కట్టీస్తాను."

కమిటీ మనసు లేని కమిటీ కాదు. నలుగురం కలిసి మిమ్మల్ని ఎత్తేస్తాం అని ముందుకొచ్చారు. బావ దండం పెట్టాడు. "ఎత్తడానికి నలుగురొస్తారు బాబూ. భోజనాలయ్యేక దించడానికి ఒక్కడు దొరకడు. మజ్జిలో ఒంటికొస్తే ఏటి చెయ్యను?" మరుగుదొడ్డి కిందనే ఉంది. దాన్నిండా విరిగిన కుర్చీలు పెట్టి తాళం వేశారు. నీటి పొదుపు అనుకోవాలి.

ర్యాంపు వెయ్యొచ్చు కదా అని అమాయకులు అడుగుతారు. ప్రమాణం ప్రకారం అంగుళం ఎత్తుకి అడుగు పొడవుండాలి. మెట్టు ఆరంగుళాలనుకుంటే 22 మెట్లకి 132 అడుగుల ర్యాంపు, మధ్యమధ్య ఆగడానికి చదును వేరే. అంత సిమెంటు పోస్తే భూమాత ఏమైపోవాలి? అందుకని కమిటీ ర్యాంపు వెయ్యలేదు. కింది వసారాలోనే సభ పెట్టుకుంటే సిమెంటూ అక్కర్లేదు, మొయ్యడమూ అక్కర్లేదు అన్నది ఎవరి నోటా రాలేదు. పోయినేడు నాలుగడుగుల ఎత్తు వేదికకి ఎనిమిదడుగుల పలక వాల్చి ర్యాంపు అన్నారు. నలభై ఎనిమిది అడుగులుండాల్సినది. బడిపిల్లలకి మాత్రం చాలా నచ్చింది, సభ జరుగుతున్నంతసేపూ జారారు.

చట్టాల సంగతి కమిటీకి తెలీదనుకోకండి. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలుంటే 2016 చట్టంలో 21 అయ్యాయి. అందుబాటు అంటే తోస్తే పాటించే సలహా కాదు, తప్పనిసరి నిబంధనలు రావాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. వీటన్నిటిలోనూ కమిటీ అక్షరాలా పాటించినది ఒక్కటే. వికలాంగులు అనకుండా దివ్యాంగులు అనడం. మాట మార్చడానికి సిమెంటు అక్కర్లేదు మరి.

సవర ఊళ్ళు తిరుగుతూ గిడుగు వారు మలేరియా తెచ్చుకున్నారు. దానికి మింగిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. ఆ తర్వాతే సవర వ్యాకరణమూ నిఘంటువూ పూర్తిచేశారు. అంటే ఆ సాయంత్రం పూలదండ వేసింది ఒక చెవిటి పండితుడి పటానికి. సభలో సైగభాష చెప్పే మనిషి లేడు, ఉపన్యాసాల సారాంశం కాగితం మీద ఇచ్చిందీ లేదు. బ్యానరు మీద ఒరియా పైన ఉండాలా తెలుగు పైన ఉండాలా అన్నదానికే మూడు సమావేశాలు ఖర్చయిపోయాయట. సైగభాషకి లిపి లేదు కనక దాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచలేదేమో. సరిహద్దు ఊరికి అంతకంటే చవకైన రాజీ దొరకదని నా అనుకోలు. చేతులు ఏ రాష్ట్రంలో కలవమంటాయి? అయితే సౌండు పెట్టెలు సమానత్వాన్ని తమ పద్ధతిలో సాధించాయి. అరగంటకల్లా హాల్లో ఎవరికీ ఏమీ వినపడలేదు.

భోజనాలు నిజంగానే హరితం. అడ్డాకు విస్తళ్ళు, ఆకు దొన్నెలు. మన కొండల్లో ఆడవాళ్ళు కుట్టినవి, తిని పారేస్తే మట్టిలో కలిసిపోయేవి. ఇందులో వేళాకోళం లేదు, ప్లేటు అంటే ఇదే. కాకపోతే నేలమీద బంతి. మోకాళ్ళ నొప్పుల పెద్దమ్మలు గోడకానుకుని మిగతావాళ్ళు తినడం చూశారు. ఒక బల్ల వేస్తే అడ్డాకు పవిత్రత చెడుతుందా? చేతులు వణికే మాస్టారొకాయన కొబ్బరినీళ్ళకి వంగే ప్లాస్టిక్ గొట్టం అడిగితే, 2022 జులై 1 నుంచి అది నిషేధమని చిన్న ఉపన్యాసం ఇచ్చి కాగితం గొట్టం చేతిలో పెట్టారు. రెండో గుటకకే అది ముద్దయి, నీళ్ళు చొక్కా తాగింది. ఇంగ్లండులో 2020లో గొట్టాలు నిషేధించినప్పుడు, అవసరమున్న వికలాంగులకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆ ఉపన్యాసం జరుగుతున్నంతసేపూ వేదిక మీద పెద్దల ముందు ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు వరసగా నిలబడి విన్నాయి. అవి నిషేధంలో లేవు, కనుక నిర్దోషులు.

బావ ఏటా ఒకటే సలహా ఇస్తాడు. బడి ఆవరణలో చెట్టు కింద, పగటిపూట, ఒక మైకు, నాలుగు బల్లలు. జనరేటరు అక్కర్లేదు, మెట్టు లేదు, దీపాలు లేవు. చూపు ఆననివాళ్ళు చీకటిలో తడుముకోనక్కర్లేదు, ఆఖరి బస్సు దాటిపోదు. కమిటీ శ్రద్ధగా విని, "అలగైతే పండగలా ఉండదు కదండీ" అంటుంది.

ఆఖరున వందన సమర్పణలో, సభకి అతి తక్కువ కాలుష్యంతో వచ్చిన ప్రేక్షకుడికి సన్మానం ప్రకటించారు. వాలంటీరు కుర్రాడు తాడు దగ్గర ఆపినది బ్యాటరీ బండి అని ఎవరో కమిటీ చెవిన వేశారట. వేదిక మీదికి వచ్చి శాలువా స్వీకరించవలసిందిగా బావని మైకులో మూడుసార్లు పిలిచారు. పెట్టెలు మంచివి, కింద మెట్ల దగ్గరికి స్పష్టంగానే వినిపించింది.