తాగి తొక్కేవారి తరఫున

జర్మనీలో కాలేజీ పిల్లలు బీరు తాగి అర్ధరాత్రి సైకిల్ మీద ఇంటికి పోవడం ప్రమాదమని కొందరు పెద్దలు బెంగ పెట్టుకున్నారు. చట్టానికే లేని బెంగ వీరికెందుకో అర్థం కాదు.

అక్కడ కారు నడిపేవారికి రక్తంలో ఆల్కహాల్ పరిమితి వెయ్యికి 0.5. ఇరవై ఒక్కటి నిండని కుర్రాడికైతే చుక్క కూడా కుదరదు. అదే కుర్రాడు సైకిలెక్కితే, తిన్నగా తొక్కినంతసేపు 1.6 దాకా అడిగేవాడు లేడు. హైదరాబాద్‌లో మిషన్ ఊదించి కేసు రాసే పరిమితికి (వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే సుమారు వెయ్యికి 0.3) ఇది ఇంచుమించు ఐదు రెట్లు. తూలినా, ఎవరినైనా గుద్దినా మాత్రం 0.3 నుంచే నేరం. అంటే తాగడం తప్పు కాదు, తాగినట్టు కనబడటం తప్పు. మన పెళ్లిళ్లలో బాబాయిలు తరతరాలుగా పాటిస్తున్న సూత్రమే ఇది. జర్మన్లు దాన్ని దశాంశాల్లో పెట్టారంతే.

1.6 దాటితే కథ వేరు. కోర్టు కేసుతో పాటు, జనం ‘ఇడియట్ టెస్ట్’ అని పిలుచుకునే మానసిక పరీక్షకు కూర్చోవాలి. అందులో తప్పితే, తొక్కింది సైకిలే అయినా పోయేది కారు లైసెన్సు.

ఇక ఫ్రైబుర్గ్ లాంటి ఊరు చూడండి. 1457 నాటి యూనివర్సిటీ, ముందు చక్రం సరిగ్గా ఇరుక్కునే ట్రామ్ పట్టాలు, పాత వీధుల పక్కన బెష్లె అనే చిన్న నీటి కాలువలు. పొరపాటున అందులో కాలు పెడితే ఆ ఊరివాళ్లనే పెళ్లాడతారని నమ్మకం. సైకిల్‌తో సహా పడితే ఎన్ని సంబంధాలు కుదురుతాయో పెద్దలే తేల్చాలి.

మన పిల్లలూ అక్కడ బాగానే చదువుకుంటున్నారు. వేసవిలో అక్కడ రాత్రి ఒకటిన్నర అంటే ఇక్కడ తెల్లవారుజామున ఐదు. అమ్మ డికాక్షన్ వేసి ఫోన్ చేస్తుంది.

“ఏరా, ఇంకా పడుకోలేదా?”

“లైబ్రరీ నుంచి వస్తున్నానమ్మా.”

“బండి మీద కాదు కదా?”

“సైకిలేనమ్మా.”

“అమ్మయ్య!”

ఆ ఒక్క ‘అమ్మయ్య’ ఖరీదు 55 యూరోలు, తొక్కుతూ ఫోన్ పట్టుకున్నందుకు. లైటు వెలగకపోతే మరో 20. హెల్మెట్‌కు మాత్రం జరిమానా లేదు, ఎందుకంటే పెట్టుకోవాలన్న నియమమే లేదు. తల ఎవరిది వారి సొంత ఆస్తి.

పైగా ఒంటరిగా పడ్డవాడు పోలీసులకు ఫోన్ చేయడు. పెదవి చిట్లితే కర్చీఫ్ అడ్డం పెట్టుకుని, వంగిన హ్యాండిల్‌ను మోకాళ్ల మధ్య నొక్కి సరిచేసుకుని, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూసి వెళ్లిపోతాడు. ప్రమాదం లెక్కల్లోకి ఎక్కదు. ఎక్కలేదు కాబట్టి జరగలేదు. ఇంత సురక్షితమైన ప్రయాణం ఇంకెక్కడ దొరుకుతుంది?

అయినా పెద్దల మాట కాదనలేం కనుక ఒక చిన్న సూచన. చాలా సైకిళ్లకు పోలీసుల అవసరం లేని తనిఖీ ఒకటి ఇప్పటికే ఉంది: నంబర్ తాళం. బార్ బయట చీకట్లో, ఒక కన్ను మూసుకుని, నాలుగు అంకెలు కలపలేక పక్కవాడి సైకిల్‌ని తిట్టి, చివరికి నడిచి వెళ్లేవారు కొందరుంటారు. మిగతావారి కోసం ఆ అంకెలను ఆరుకు పెంచితే సరిపోతుంది.