డెల్టా విద్యార్థి ఆకలికో క్యాలెండర్ ఉంది

కాకినాడ, భీమవరం, అమలాపురం, రాజమహేంద్రవరంలో రూము తీసుకుని చదివే పిల్లల వంటిల్లంటే ఒక రైస్ కుక్కరు, సాయంత్రం కర్రీ పాయింటు నుంచి తెచ్చుకునే ప్యాకెట్టు. నెల మొదట్లో మనిషికో ప్యాకెట్టు, ఇరవయ్యో తారీఖు దాటాక ముగ్గురికి ఒకటి, ఆఖరి వారంలో ఇంటి ఆవకాయ. కడుపు నిండుతూనే ఉంటుంది కాబట్టి దీన్ని ఆకలి అని ఎవరూ అనరు. వాళ్లూ అనరు.

లెక్క వేస్తే బయటపడుతుంది. రేషన్ కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల బియ్యం. అంటే రోజుకు 167 గ్రాములు, దాదాపు 580 కేలరీలు. పెద్దగా శారీరక శ్రమ లేని మగవాడికే 2,110 కేలరీలు కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. వయసు కుర్రాడికి ఆ బియ్యం ఒక్క పూటకు సరి. పైగా కార్డు ఊళ్లో ఉంటుంది, తినే నోరు పట్నంలో ఉంటుంది. ఎక్కడి డిపోలోనైనా వేలిముద్ర వేసి కోటాలో కొంత తీసుకునే వీలుంది గానీ, ఆ సంగతి కాలేజీలో చెప్పే మనిషి ఉండాలి కదా.

బియ్యం ఎలాగోలా దొరుకుతుంది. దొరకనిది పప్పు, గుడ్డు, ఆకుకూర. ఆ 167 గ్రాముల బియ్యంలో ప్రొటీన్ మహా అయితే 13 గ్రాములు. అదే సంస్థ లెక్కలో 65 కిలోల యువకుడికి 54 గ్రాములు, 55 కిలోల యువతికి 46 గ్రాములు కావాలి. ఇనుము ఆడపిల్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు, మగపిల్లవాడికి 19. రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతానికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఆవకాయన్నం ఆ లోటు పూడ్చదు.

ఈ లోటు ఏడాది పొడవునా ఒకేలా ఉండదు, అసలు చూడాల్సింది అక్కడే. కౌలు రైతు ఇంట్లో డబ్బు కనిపించేది రెండుసార్లు: సార్వా (ఖరీఫ్) ధాన్యం అమ్మాక, దాళ్వా (రబీ) ధాన్యం అమ్మాక. దాళ్వా డబ్బు పాత అప్పుకూ, మళ్లీ సార్వా పెట్టుబడికీ పోతుంది. కాలేజీ ఫీజు, రూము అడ్వాన్సు అడిగేది సరిగ్గా అప్పుడే. కూలి ఇంట్లో నాట్లు అయ్యాక కోతల దాకా పని పల్చన. మధ్యలో గోదారి పొంగితే ఏటి నడిమి లంకల్లో కూరపాదులు, అరటి తోటలు పోతాయి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రూములకు వెళ్లి చూస్తే ప్యాకెట్ల లెక్కలో ఇదంతా తెలుస్తుంది.

ప్రభుత్వ సాయం ఇంటర్ దగ్గర తెగుతుంది. లంకల గన్నవరంలో వచ్చినవారందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరున్న మధ్యాహ్న భోజనాన్ని 2025 జనవరి 4 నుంచి 475 ప్రభుత్వ జూనియర్ కాలేజీలకు విస్తరించారు. మంచి పని. పిల్లల చదువుకని తల్లి ఖాతాలో డబ్బు వేసే తల్లికి వందనమూ ఇంటర్ వరకే. డిగ్రీలో చేరిన మర్నాటి నుంచి ఆ పిల్లే, ఆ ఇల్లే, అన్నం మాత్రం లేదు. వసతి, భోజన ఖర్చులకని గత ప్రభుత్వం ఇచ్చిన వసతి దీవెన డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 20,000 రూపాయలు, రెండు విడతలు. పది నెలలకు పంచితే రోజుకు దాదాపు 67 రూపాయలు. మొత్తం కన్నా విడతలే పెద్ద సమస్య: తిండి ఖర్చు రోజూ ఉంటుంది. 5 రూపాయల అన్న క్యాంటీన్ పట్నాల్లో ఆదుకుంటోంది గానీ ఆదివారం మూత. రాత్రి భోజనం ఏడున్నరకు మొదలవుతుంది, ఆ వేళకు గేటు వేసే లేడీస్ హాస్టల్ పిల్లకు అది లేనట్టే.

హాస్టల్ మెస్సుది వేరే చిక్కు. డివైడింగ్ పద్ధతిలో నెల ఖర్చును తిన్నవాళ్ల మీద పంచుతారు. మనుషులు తగ్గితే సరుకులు తగ్గుతాయి, వంటవాళ్ల జీతాలు తగ్గవు. జీతాలూ మిగతా స్థిర ఖర్చూ కలిపి 72,000 అనుకోండి. 120 మంది ఉంటే తలకు 600. బిల్లు కట్టలేక 40 మంది మానేస్తే మిగిలిన 80 మందికి 900. ఆ పెంపు చూసి ఇంకొందరు మానేస్తారు. బిల్లు తగ్గించమంటే మొదట కోత పడేది పప్పు మీద. నూరు మందికి 5 కిలోల కందిపప్పు వేస్తే తలకు 11 గ్రాముల ప్రొటీన్. రెండున్నర కిలోలు వేసి నీళ్లు పోస్తే గరిటెలు అన్నే వస్తాయి, ప్రొటీన్ సగమే. జీతాల ఖర్చు కాలేజీ భరించి సరుకుల ఖర్చునే పంచితే ఈ జారుడు ఆగుతుంది.

అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ 1993లోనే విద్యార్థుల ఫుడ్ బ్యాంకు పెట్టింది. 2020లో అక్కడి కాలేజీ విద్యార్థుల్లో 23 శాతానికి తిండి భద్రత లేదని వాళ్ల ప్రభుత్వ ఆడిట్ సంస్థ చెప్పగలిగింది, ఎందుకంటే అడిగారు. ఇక్కడ అడగడానికి ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్ఏఓ తయారుచేసిన ఎనిమిది ప్రశ్నల పట్టిక చాలు: తిండికి చాలదేమోనని దిగులుపడ్డారా అన్న దగ్గర మొదలై రోజంతా తినకుండా ఉన్నారా అన్నదాకా వెళ్తుంది. ప్రతి ప్రశ్నలో ‘డబ్బు లేక’ అన్న మాట తప్పనిసరి. లేకపోతే శనివారం ఉపవాసాలు, కార్తీక సోమవారాలు, రంజాన్ ఉపవాసాలూ ఆకలి లెక్కలో కలిసిపోతాయి. రోల్ నంబరు రాయమంటే ఎవరూ నిజం చెప్పరు. ధాన్యం డబ్బు చేతిలో ఉన్న జనవరిలో ఒక్కసారే అడిగితే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. సెప్టెంబరులో అడగాలి.

వంటకు కొత్త కట్టడాలు అక్కర్లేదు. దగ్గర్లోని హైస్కూలు వంటశాల నుంచే డిగ్రీ కాలేజీకీ పంపవచ్చు. కొలతే మారాలి: 6 నుంచి 8 తరగతులకు తలకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు అన్నది నిబంధన. ఇరవయ్యేళ్లవాడికి 200, 50 అయినా కావాలి.

అన్నిటికన్నా తేలికైనది పొద్దుటి పూట. లంకల నుంచి పడవ దాటి, బస్సు పట్టుకుని వచ్చే పిల్లలు చాలాసార్లు ఖాళీ కడుపుతో మొదటి క్లాసులో కూర్చుంటారు. అనపర్తి, తణుకు చుట్టూ కోళ్ల ఫారాలు, రావులపాలెంలో అరటి మార్కెట్టు. రెండు ఉడికించిన గుడ్లు, ఒక అరటిపండు ఇస్తే 12 గ్రాముల ప్రొటీన్. పెద్ద గిన్నె, స్టవ్, ఒక మనిషి చాలు. అడిగిన అందరికీ ఇవ్వాలి. పేదల జాబితా రాసి నోటీసు బోర్డుకు అంటిస్తే రెండో వారానికి ఆ వరుసలో ఒక్కరూ నిలబడరు.