తెర మీద కంటి ఆపరేషన్: లాభం ఎవరికి?

శుక్లం ఆపరేషన్ చేసే డాక్టర్ ఇప్పుడు మైక్రోస్కోప్ ఐపీస్‌కి కళ్లు ఆనించి గంటల తరబడి కూర్చోనక్కర్లేదు. కెమెరాలు తీసే త్రీడీ దృశ్యం ఎదురుగా పెద్ద తెర మీద వస్తుంది. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుని, తలెత్తి తెరను చూస్తూ చేతులు కదిపితే చాలు. బాగానే ఉంది. కానీ దీన్ని ‘మెరుగైన చూపు’ పేరుతో ప్రచారం చేస్తుంటేనే అనుమానం వస్తోంది.

మామూలు శుక్లం కేసులో మొదట బాగుపడేది డాక్టర్ మెడ, నడుము. కంటి సర్జన్లలో ఈ నొప్పులు ఎంత ఎక్కువో తెలిసినవాళ్లు దీన్ని చిన్న విషయం అనరు. లైటు తగ్గించినా కెమెరా దృశ్యాన్ని ప్రకాశవంతంగా చూపిస్తుంది కాబట్టి, చుక్కల మత్తుతో మెలకువగా ఉన్న రోగికీ కాస్త హాయి. పని నేర్చుకునేవాళ్లు గురువు చూసిందే చూస్తారు. అయితే చూపులో, కాంప్లికేషన్లలో పాత పద్ధతితో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. సిలిండర్ పవర్‌ను (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేక వచ్చే దోషాన్ని) సరిచేసే టోరిక్ లెన్స్ 1 డిగ్రీ పక్కకు తిరిగితే ఆ దిద్దుబాటులో సుమారు 3 శాతం పోతుంది, 30 డిగ్రీలు తిరిగితే ఏమీ మిగలదు. అక్కడ తెర మీద గీసి చూపించే అక్షం (లెన్స్ నిలవాల్సిన దిశ) నిజంగా ఉపయోగమే. కాకపోతే ఆ గీతను మామూలు ఐపీస్‌లోనూ చూపించవచ్చు!

కంటి ముందుభాగంలోని పారదర్శక పొర, కార్నియా దగ్గరికొస్తే కథ వేరు. 2006లో డచ్ కంటి సర్జన్ గెరిట్ మెలెస్ పరిచయం చేసిన డీమెక్‌లో (కార్నియా లోపలి పొరను మాత్రమే మార్చే ఆపరేషన్) అమర్చే పొర మందం 10-15 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో వందో వంతు దరిదాపు. దాత కార్నియా నుంచి విడదీయగానే చాపలా చుట్టుకుపోతుంది, జీవకణాలున్న వైపు బయటికి ఉంటుంది. నీలి రంగు అద్దినా, మసకబారిన కార్నియా వెనక అది తిరగబడిందో లేదో పోల్చుకోవడం టెన్షనే. తిరగబడి అతుక్కుంటే కార్నియా తేటపడదు. ఆపరేషన్ మధ్యలోనే ఓసీటీ (కాంతితో కంటి పొరలను చూపించే స్కాన్) తీసే అడ్డుకోత చిత్రం అసలు దృశ్యం పక్కనే కనిపిస్తే, పొర అంచులు పైకి ముడుచుకున్నాయా అని అక్కడికక్కడే తేల్చుకోవచ్చు. పైకి ముడుచుకుంటే సరిగ్గా ఉన్నట్టు. పొరకీ కార్నియాకీ మధ్య నీరు నిలిచిందేమో కూడా తెలుస్తుంది. ఇక్కడ తెర సౌకర్యం కాదు, డాక్టర్ తర్వాతి అడుగును మార్చే సమాచారం.

కాబట్టి కార్నియా మార్పిడులు ఎక్కువగా జరిగేచోట, శిక్షణ ఇచ్చేచోట ఈ తెరలు ముందు రావాలి. మామూలు శుక్లానికి దీని పేరుతో అదనపు ఫీజు అడిగితే, నా కంటికి ఏం మారుతుందో చెప్పమని రోగి నిలదీయొచ్చు. డాక్టర్ మెడనొప్పి ఖర్చు ఆస్పత్రి భరించాల్సిందే.