సవరణ: వేలాడే మొక్కల్ని లోపలికి తెచ్చుకోవడం అందరికీ కాదు

చలికాలం కోలియస్ (రంగురంగుల ఆకుల మొక్క), వాండరింగ్ జ్యూ (చారల ఆకుల వేలాడే తీగ) కుండీల్ని ఇంట్లో పెట్టమని మొన్న రాసింది అమెరికాలో ఉంటున్న మా మరదలి ప్రశ్నకి జవాబు. అది చదివి శ్రీకాకుళంలో కొందరు బాల్కనీ తొట్లన్నీ గదుల్లోకి చేర్చేశారట. దయచేసి మళ్లీ బయట వేలాడదీయండి. మనవైపు పుష్యమాసం రాత్రులు కూడా మామూలుగా 15 డిగ్రీల పైనే ఉంటాయి. ఆ చలికి ఇవి చావవు. చీకటి గదిలోనే తీగ సాగిపోయి, ఆకులు పాలిపోతాయి.

గడ్డకట్టే చలి ఉన్న ఊళ్లవాళ్లు మాత్రం రాత్రి చలి 10 డిగ్రీలకి దిగకముందే తెచ్చుకోవాలి. తెచ్చేముందు ఆకు తిరగేసి చూడండి. కాడ మొదట్లో తెల్లటి దూదిలా అంటుకుని ఉంటే అది పిండినల్లి, ఇంట్లో మిగతా మొక్కలకీ పాకుతుంది. సబ్బునీళ్లతో తుడిచాకే లోపలికి తేవాలి.

మొన్న ఆ జవాబులో "రోజూ కాసిని నీళ్లు" అన్నది కూడా ఎండాకాలం మాటే. లోపల పెట్టినప్పుడు వేలు గుచ్చితే పైమట్టి పొడిగా తగిలాకే పొయ్యండి. ఎరువు వద్దు. చోటు లేకపోతే కణుపు కింద కత్తిరించిన కొమ్మని గాజుగ్లాసు నీళ్లలో పెట్టండి, వేళ్లు వచ్చేస్తాయి.